డిస్కు నిండింది, చోటు నిండుకుంది

మన ఇళ్ళల్లో ఒక చిత్రమైన మాట ఉంది. డబ్బాలో బియ్యం అయిపోతే పెద్దవాళ్ళు "అయిపోయాయి" అనరు, "నిండుకున్నాయి" అంటారు. కంప్యూటర్లతో పని చేసేవాణ్ణి కనుక నాకు ఆ మాట భలే నచ్చుతుంది. డిస్కు నిండిందంటే అందులో చోటు నిండుకున్నట్టే కదా! అయితే ఈ రెండిటికీ కాస్త ముందు ఒక దశ ఉంది. నూటికి తొంభై, తొంభై అయిదు దగ్గర. అక్కడ కంప్యూటరు "చోటు లేదు" అని చెప్పదు, ఏ ఎర్రలైటూ వెలగదు. ఊరికే నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదితనం వల్ల ఇక్కడ ఖతార్‌లో ఒక మనిషి మీద దొంగతనం నింద పడబోయింది. ఆ సంగతి చెబుతూ, నిండబోతున్న డిస్కు ఎందుకు నత్తనడక నడుస్తుందో, కారణాన్ని ఎలా పట్టుకోవాలో వివరిస్తాను. కంప్యూటర్లు మీ వృత్తి కాకపోయినా ఫరవాలేదు, గుణకారాలు భాగహారాలు వస్తే చాలు.

120 రోజుల లెక్క

ఖతార్‌లో బ్యాంకులు, హోటళ్ళు, మాల్స్, నివాస సముదాయాల వంటి చోట్ల సీసీ కెమెరాలు పెట్టే పద్ధతిని 2011 నాటి 9వ నంబరు చట్టం నిర్ణయిస్తుంది. దాని ప్రకారం రికార్డింగులను 120 రోజులు దాచి ఉంచాలి. లాయర్లకు ఇదొక నిబంధన. మాలాంటి వాళ్ళకు ఇదొక ఇంజనీరింగు సమస్య.

ఎందుకంటారా? మామూలు ఆఫీసు సర్వరు నిండడానికి ఏళ్ళు పడుతుంది. నిండే వేళకు ఎవరో ఒకరు కొత్తది కొంటారు. కెమెరా రికార్డరు అలా కాదు. మొదటి నాలుగు నెలల్లో అది నిండుతుంది, ఆ తరువాత జీవితమంతా నిండే ఉంటుంది. రోజూ ఒక కొత్త రోజు వచ్చి చేరుతుంది, 121వ రోజు వెనక్కి జరిగిన పాత రోజు చెరిగిపోతుంది. మిగతా కంప్యూటర్లకు ఎప్పుడో వచ్చే జ్వరం, దీనికి నిత్యరోగం.

ఒక కెమెరా సగటున సెకనుకు 2 మెగాబిట్లు పంపుతుందనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. ఎనిమిదితో భాగిస్తే రోజుకు 21.6 గిగాబైట్లు. 120 రోజులకు 2.59 టెరాబైట్లు. 32 కెమెరాలుంటే సుమారు 83 టెరాబైట్లు. కాగితం మీద చాలా సులువు.

నేను చూసిన చోటు, మనవాళ్ళంతా సనయ్య అని పిలిచే ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోదాము, దాన్ని ఆనుకొని లేబర్ క్యాంపు. రికార్డరులో 10 టెరాబైట్ల డిస్కులు 12. రెయిడ్ 6 పద్ధతి కాబట్టి రెండు డిస్కులంత చోటు రక్షణకు పోయి, మిగిలింది 100 టెరాబైట్లు. (పెట్టె మీద 10 అని ఉన్న డిస్కు కంప్యూటరులో 9.1గా కనిపిస్తుంది. మోసమేమీ లేదు, ఒకరు వెయ్యితో, ఇంకొకరు 1024తో లెక్కపెడతారు, అంతే.) దాని మీద లినక్స్ వారి ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం. ఫైళ్ళ వివరాలు రాసుకునే పట్టికలకు దాదాపు 1.6 టెరాబైట్లు, అడ్మినిస్ట్రేటరు కోసం డీఫాల్టుగా పక్కన పెట్టే 5 శాతం తీసేస్తే వాడుకోవడానికి 93.4. అవసరం 83. బాగానే ఉంది.

తరువాత నాలుగు కెమెరాలు పెంచారు. 36 కెమెరాలకు 93.3 టెరాబైట్లు కావాలి. ఉన్నది 93.4! అప్పుడు అమర్చినవాళ్ళు ఒక ఉపాయం చేశారు. పక్కన పెట్టిన ఆ 5 శాతాన్ని ఒకే ఒక కమాండుతో సున్నా చేసేశారు. "కొత్త డిస్కు కొనకుండానే మీకు 5 టెరాబైట్లు మిగిల్చాం" అని చెప్పారట. డిస్కు 95 శాతం దగ్గర నిలబడింది. ఆ కాగితం నేనే చూసి ఉన్నా, ఆ రోజు సంతకం పెట్టేవాణ్ణేమో. తెలివైన పనిలాగే కనిపిస్తుంది మరి.

పదిహేను నిమిషాలు లేవు

2023 జూన్‌లో ఆ గోదాములో ఒక రాగి కేబుల్ డ్రమ్ము లెక్కకు రాలేదు. కెమెరా చూద్దామంటే తెల్లవారుజామున 4:37 నుంచి 4:52 దాకా రికార్డింగు లేదు. రికార్డరు గది తాళంచెవి ఉన్నది స్టోర్‌కీపర్ దగ్గర. జగిత్యాల వైపు మనిషి, ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాడు. ఇంకేం, కథ దానంతటదే తయారైపోయింది. పోలీసు ఫిర్యాదు దాకా మాట వెళ్ళింది. "రికార్డింగు ఎవరు చెరిపారో తేల్చండి" అంటూ నన్ను పిలిచారు. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగడమంటే ఇదే.

నేను వెళ్ళగానే చేయాల్సిన మొదటి పని చేయలేదు. డిస్కుల ఆరోగ్యం చూస్తూ కూర్చున్నాను. స్మార్ట్ రిపోర్టులు తీశాను, చెడిన సెక్టార్లు లెక్కపెట్టాను, రెయిడ్ కార్డు బ్యాటరీ చూశాను. ఇవి చూడాల్సినవే. ఒక్క డిస్కు చావుబతుకుల్లో ఉన్నా, బ్యాటరీ పోయి కార్డు తన క్యాషె వాడటం మానేసినా, అచ్చం ఇలాగే నెమ్మదిస్తుంది. కాని అన్నీ బాగానే ఉన్నాయి, రెండు రోజులు పోయాయి.

అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు: ఇది ఒక్క కెమెరాకే జరిగిందా, అన్నిటికీనా? ఒక్క రోజేనా, రోజూనా? ఒక కెమెరాకే అయితే కేబులో, స్విచ్చో, కెమెరానో. అన్నిటికీ ఒకేసారి అయితే, అన్నీ కలిసే చోట చూడాలి. అన్నీ కలిసేది డిస్కు దగ్గరే.

మూడో రోజు, నెల రోజుల రికార్డింగులో ఖాళీలన్నిటినీ ఒక పట్టికగా తీశాను. కొన్ని సెకన్లవీ ఉన్నాయి, నిమిషాలవీ ఉన్నాయి. 36 కెమెరాల్లోనూ ఉన్నాయి. దాదాపు అన్నీ తెల్లవారుజామున నాలుగు, అయిదున్నర మధ్యే. శుక్రవారాల్లో మాత్రం లేవు. స్టోర్‌కీపర్ తెలివితేటల మీద ఎంత గౌరవమున్నా, శుక్రవారం సెలవు తీసుకుంటూ నెలంతా 36 కెమెరాలను ఆపే మనిషి ఉంటాడని నేననుకోను. పైగా రికార్డరు లాగ్‌లో చెరిపిన ఆనవాళ్ళు లేవు. ఆ సమయాల్లో ఉన్నదల్లా "బఫరు నిండింది, ఫ్రేములు వదిలేశాం" అనే అర్థం వచ్చే సందేశాలు.

బంతిలో ఖాళీ విస్తర్లు

ఇక అసలు విషయానికి వద్దాం. 5 టెరాబైట్లు ఖాళీగా ఉంటే బఫరు ఎందుకు నిండాలి?

పెళ్ళిలో బంతి వేశారనుకోండి. 200 మంది కూర్చునే హాలు, 190 మంది కూర్చున్నారు. పది విస్తర్లు ఖాళీ. పదిమంది ఉన్న కుటుంబం ఒకటి వచ్చింది. చోటు లేదని ఎవరూ అనలేరు. కాని ఆ పది విస్తర్లు హాలంతా తలా ఒక మూల ఉన్నాయి. ఒక్కొక్కరిని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి. తరువాత వడ్డించేవాడు ఈ కుటుంబానికి పప్పు వేయాలంటే హాలంతా తిరగాలి. డిస్కు మీద జరిగేదీ ఇదే. ఎంత ఖాళీ ఉందన్నది సగం మాటే. ఆ ఖాళీ ఎంతెంత ముక్కలుగా ఉందన్నది మిగతా సగం. శాతం అంకె మొదటిదే చెబుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. మాస్టర్స్ చదివే రోజుల్లో మాతో 1984 నాటి ఒక పేపరు చదివించారు. బర్కిలీలో మెక్యుజిక్, బిల్ జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ కలిసి యూనిక్స్ కోసం చేసిన వేగవంతమైన ఫైల్ సిస్టం గురించి. అంతకు ముందున్న పాత ఫైల్ సిస్టం కొత్తగా ఉన్నప్పుడు సెకనుకు 175 కిలోబైట్ల దాకా ఇచ్చేదట, కొన్ని వారాల మామూలు వాడకానికే అది 30కి పడిపోయేదట. డిస్కు అదే, కంప్యూటరు అదే. ఖాళీ బ్లాకుల జాబితా కలగాపులగం అయిపోవడమే కారణం. కొత్త దాన్ని చేసినప్పుడు 10 శాతం ఖాళీని ఎప్పుడూ అట్టే పెట్టాలని వాళ్ళు నియమం పెట్టుకున్నారు. ఆ ఖాళీ కూడా అయిపోతే వేగం దాదాపు సగానికి పడిపోతుందని రాశారు. అంటే మా వాళ్ళు "మిగిల్చిన" ఆ 5 శాతం ఊరికే పడి ఉన్నది కాదన్నమాట.

ఇప్పుడు లెక్క చూద్దాం, నాకు ఈ వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. 36 కెమెరాలు, ఒక్కోటి 2 మెగాబిట్లు. మొత్తం సెకనుకు 9 మెగాబైట్లు. వరసగా రాసుకుంటూ పోతే ఇప్పటి ఒక్క హార్డ్ డిస్కు సెకనుకు 150 మెగాబైట్లకు పైగా రాస్తుంది. ఇక్కడ 12 ఉన్నాయి. 9 అనేది లెక్కలోకే రాదు.

కాని వరస దొరకనప్పుడో? నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కులో, తల కొత్త చోటికి జరగడానికి సుమారు 8 మిల్లీసెకన్లు, కావలసిన చోటు తిరిగి తల కిందకు రావడానికి సగటున 4. అంటే సెకనుకు 80 పనులు. 12 డిస్కులకు 960. రెయిడ్ 6లో ఒక చిన్న ముక్క రాయాలంటే మూడు చదవాలి, మూడు రాయాలి, మొత్తం ఆరు పనులు. 960ని ఆరుతో భాగిస్తే 160. ఈ పెద్ద యంత్రం, చిన్న ముక్కల దగ్గరికి వచ్చేసరికి సెకనుకు 160 మాత్రమే రాయగలదు.

ఖాళీ చోటు 64 కిలోబైట్ల ముక్కలుగా ఉందనుకోండి. 9 మెగాబైట్లకు దాదాపు 140 ముక్కలు. 160లో 140! అత్తెసరు మార్కులతో గట్టెక్కే విద్యార్థిలాగా రోజంతా నెట్టుకొస్తుంది. ఎవరికీ అనుమానం రాదు.

మరి తెల్లవారుజామున ఏమవుతుంది? ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. 2021లో వచ్చిన నియమం. కాబట్టి వేసవిలో పని చీకటితోనే మొదలవుతుంది. నాలుగున్నరకు క్యాంపు ముందు బస్సులు బారులు తీరుతాయి, వందల మంది ఒకేసారి బయటికొస్తారు, హెడ్‌లైట్లు పడతాయి. దృశ్యంలో కదలిక ఎక్కువైతే కెమెరా పంపే డేటా కూడా పెరుగుతుంది. రెట్టింపు అయితే సెకనుకు 280 ముక్కలు. యంత్రం శక్తి 160. మిగిలినవి బఫరులో చేరతాయి, బఫరు నిండుతుంది, ఫ్రేములు పోతాయి. శుక్రవారం బస్సులు రావు, ఖాళీలు రావు.

చాలదన్నట్టు, 121వ రోజు రికార్డింగులను చెరిపే పని రోజుకొకసారి నాలుగింటికి మొదలయ్యేలా పెట్టి ఉంది. ఒక రోజు డేటా 778 గిగాబైట్లు. ఎవరూ ఉండని వేళ కదా అని పెట్టి ఉంటారు. మన దేశంలో ఆఫీసులకు అది సరైన వేళే. సనయ్యలో అది రోజు మొత్తం మీద అన్నిటికన్నా రద్దీ వేళ.

ఊహ వేరు, రుజువు వేరు

ఇంతవరకు చెప్పింది ఊహే. ముక్కలు నిజంగా 64 కిలోబైట్లేనా? ఇది చూసే పద్ధతి చెబుతాను, మీలో సర్వర్లు చూసుకునేవారికి పనికొస్తుంది.

డీఎఫ్ కమాండు శాతం చెబుతుంది. దానికే ఐ ఆప్షన్ ఇస్తే ఐనోడ్ల లెక్క చెబుతుంది. చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉన్నప్పుడు చోటుండగానే ఐనోడ్లు అయిపోతాయి, అది వేరే జబ్బు. ఆ తరువాత ఐఓస్టాట్. అందులో బిజీ శాతాన్ని చూసి కంగారు పడకండి, రెయిడ్ మీదా ఎస్ఎస్‌డీల మీదా ఆ అంకెను నమ్మలేం. మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: సెకనుకు ఎన్ని మెగాబైట్లు, ఒక్కో రాతకు ఎంత నిరీక్షణ, ఒక్కో రాత సగటు పరిమాణం. మెగాబైట్లు తక్కువ, నిరీక్షణ ఎక్కువ, పరిమాణం చిన్నది అయితే డిస్కు తల పరుగులు పెడుతోందని అర్థం. మెగాబైట్లే ఎక్కువగా ఉంటే అది నిజమైన పనిభారం, జబ్బు కాదు.

చివరగా ఖాళీ ఆకారం. ఈఎక్స్‌టీ4లో ఈ2ఫ్రీఫ్రాగ్ అనే సాధనం ఖాళీ ముక్కలను పరిమాణాల వారీగా లెక్కపెట్టి చూపిస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్_డీబీ లోపల ఫ్రీఎస్‌పీ ఆ పని చేస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో జెడ్‌పూల్ లిస్ట్ ఇచ్చే ఫ్రాగ్ అనే అంకె ఖాళీ ఎంత ముక్కలైందో చెబుతుంది, ఫైళ్ళు ఎంత ముక్కలయ్యాయో కాదు. దాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. మా దగ్గర ఈ2ఫ్రీఫ్రాగ్ చూపిన పట్టికలో ఖాళీ చోటులో అధిక భాగం 32 నుంచి 128 కిలోబైట్ల వరసల్లో ఉంది. పెద్ద ముక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పాత పద్ధతిలో ఇంకొక భారం కూడా ఉంది. ఈఎక్స్‌టీ4 డిస్కును 128 మెగాబైట్ల వార్డులుగా విభజిస్తుంది. 100 టెరాబైట్లకు అలాంటివి 7 లక్షలకు పైగా. నిండిన డిస్కులో సరిపడే చోటు కోసం ఒక్కో వార్డు రిజిస్టరు తీసి చూసుకుంటూ పోవాలి. రీబూట్ చేసిన వెంటనే ఆ రిజిస్టర్లేవీ మెమరీలో ఉండవు కనుక ఇంకా ఘోరం. "ఒకసారి ఆపి ఆన్ చేయండి" అనే సార్వజనీన వైద్యం ఇక్కడ వికటిస్తుంది. 2021 నాటి కెర్నెళ్ళ నుంచి ఈ వెతుకులాట చాలా మెరుగైంది, కాని రికార్డర్లలో పాత కెర్నెలే ఏళ్ళ తరబడి నడుస్తుంటుంది.

అప్పటికీ ఇది పూర్తి రుజువు కాదు. అందుకని ఒక ఖాళీ సర్వరు తెచ్చి, గేటు వైపు నాలుగు కెమెరాల ప్రసారాన్ని రెండు చోట్లా రాయించాం. అయిదు రోజులు. అవే కెమెరాలు, అవే తెల్లవారుజాములు. పాత దాంట్లో ఖాళీలు వచ్చాయి, కొత్త దాంట్లో ఒక్కటీ రాలేదు. నాలుగు కెమెరాలకూ ముప్పై ఆరింటికీ పోలికేమిటని మీరడగొచ్చు. అదే ప్రశ్న మా మేనేజరూ అడిగారు, సరైన ప్రశ్నే. దానికి జవాబుగా పాత దాంట్లో చెరిపే పనిని మధ్యాహ్నం 12కి మార్చి మళ్ళీ చూశాం. ఖాళీలు పూర్తిగా పోలేదు, కాని సగానికి పైగా తగ్గాయి. కెమెరాలు, కేబుళ్ళు, మనుషులు ఎవరూ మారలేదు. ఇక సందేహించడానికి ఏమీ మిగల్లేదు.

చేయకూడనివి, చేసినవి

డీఫ్రాగ్ చేద్దామన్నారొకరు. ఈ4డీఫ్రాగ్ ఫైళ్ళను ఒక దగ్గరికి చేరుస్తుంది, ఖాళీని కాదు. పైగా ఫైలును చేర్చడానికి దానికే పెద్ద ఖాళీ కావాలి. విస్తర్లే లేని బంతిలో అందరినీ లేపి మళ్ళీ కూర్చోబెట్టడం ఎలా? డీడీతో వేగం పరీక్షిద్దామన్నారు ఇంకొకరు. అది మెమరీలోకి రాసి బ్రహ్మాండమైన అంకె చూపిస్తుంది. డైరెక్ట్ ఆప్షన్ ఇవ్వకపోతే ఆ అంకె అబద్ధం, ఇస్తే ఉన్న కాస్త చోటూ తింటుంది. పాతవి కొన్ని తీసేద్దామన్న మాట కూడా వచ్చింది, 120 రోజుల లెక్క ఉండగా అది కుదరదు.

రెండో డిస్కుల పెట్టె కొని 12 కెమెరాలను దాని మీదికి మార్చాం. కెమెరాలు మారినంత మాత్రాన పాత పెట్టె ఖాళీ కాదు, వాటి పాత రికార్డింగులు 31 టెరాబైట్లు ఇంకా అక్కడే ఉంటాయి. రోజుకు 259 గిగాబైట్ల చొప్పున వాటంతటవి చెరిగేదాకా ఆగితే నాలుగు నెలలు. అందుకని రాత్రుళ్ళు కాపీ చేసి, సరిచూసుకుని, ఆ తరువాత పాతవి తీశాం. పదిహేను రాత్రులు పట్టింది, ముక్కలైన ఫైళ్ళు చదవడం కూడా నత్తనడకే మరి. పాత పెట్టె 63 శాతానికి దిగింది. ఆ 5 శాతాన్ని తిరిగి పక్కన పెట్టాం. కొత్త పెట్టెలో ఫైలుకు కావలసిన చోటు ముందే ఒకే ముక్కగా కేటాయించుకునే సెట్టింగు పెట్టాం. మొదటి రోజునుంచే అది ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇంట్లో మీ ల్యాప్‌టాప్ సంగతి కొంచెం వేరు. ఎస్ఎస్‌డీలో తల లేదు, తిరగడం లేదు, కాబట్టి ముక్కల బాధ చాలా తక్కువ. దాని కష్టం చెరపడంలో ఉంది. చిన్న పేజీలుగా రాస్తుంది కాని పెద్ద బ్లాకులుగా మాత్రమే చెరపగలదు. ఖాళీ తక్కువైతే, ఒక బ్లాకు చెరపడానికి అందులో ఉన్న పనికొచ్చే పేజీలను ఇంకో చోటికి మోయాలి. మీరు రాసింది ఒకటి, అది రాసేది మూడు. చవకరకం ఎస్ఎస్‌డీల్లో వేగంగా రాసుకునే తాత్కాలిక భాగం కూడా ఖాళీతో పాటే కుంచించుకుపోతుంది. ట్రిమ్ పనిచేస్తోందో లేదో చూసుకోండి, 15 శాతం వదిలేయండి. ఫోనుకూ ఇదే వర్తిస్తుంది. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వుల్ని నెలకొకసారైనా తుడిచేయండి, పంపిన అత్తయ్యగారికి చెప్పక్కర్లేదు.

నేను రెండు పేజీల నివేదిక ఇచ్చాను. మొదటి పేజీలో ఖాళీల పట్టిక, శుక్రవారాలకు రంగు వేసి. రెండో పేజీలో 160, 280 లెక్క. డ్రమ్ము సంగతి తేల్చడం నా పని కాదు, నేనా జోలికి పోలేదు. స్టోర్‌కీపర్ మీద ఫిర్యాదు ఆలోచన మానుకున్నారు, గది తాళంచెవి కూడా అతని దగ్గరే ఉంచారు. తరువాత ఒకసారి కార్నిష్ దగ్గర కనిపించాడు. "సార్, నా తప్పు లేదని కంప్యూటర్ల ఎట్ల కనబడ్డది?" అని అడిగాడు. బంతి, విస్తర్ల కథ చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆ నాలుగు కెమెరాలు పెట్టకపోతే ఏం కాకపోవు కదా" అన్నాడు. నివేదికలో నేను రాయని మాట అదొక్కటే.